బాపు ఉన్న డబ్బా

నిన్న పొద్దుగూకే వేళ నా మనవరాలు ఫోన్‌కు మోరంగడ్డ తినిపించింది.

మోరంగడ్డ అంటే మరేం కాదు, చిలగడదుంపే. మా కోరుట్ల దిక్కు ఆ పేరుతోనే అంటాం. ఈసారి చలి గట్టిగా పట్టింది. వాకిట్లో నాలుగు కట్టెలు వేసి మంట పెట్టి, నిప్పుల్లో రెండు గడ్డలు పూడ్చాను. నాలుగేండ్ల పిల్లకు ఇంతకన్నా పెద్ద తమాషా ఏముంటుంది? మంట చుట్టూ తిరుగుతూ, "నానమ్మా, అయినయా? పొడిసి సూడు! ఇంక గాలేదా? ఎందుకు గాలేదు?" అని నా ప్రాణం తీసింది. తీరా ఒలిచి చేతిలో పెట్టేసరికి షార్జా నుంచి దాని నాయిన వీడియో కాల్ చేశాడు. "అన్నం తిన్నవా బిడ్డా?" అని వాడు అడగడం, ఇది చేతిలో ఉన్న ముద్దను ఫోన్‌లో కనిపించే వాడి నోటికేసి అదమడం ఒక్కసారే అయ్యాయి.

"అయ్యో అయ్యో, ఫోన్ ఖరాబైతది!" అని కోడలు ఉరికొచ్చింది. నాకు మాత్రం నవ్వు ఆగలేదు. నవ్వి నవ్వి కండ్లల్ల నీళ్లొచ్చాయి.

"ఏందత్తమ్మా, గంత నవ్వుడేంది?" అంది కోడలు, కొంగుతో ఫోన్ తుడుచుకుంటూ.

ఏం చెప్పాలి? మా చెల్లె కూడా అచ్చం ఇదే పని చేసిందని చెప్పాలి. మా బాపుకు, అంటే మా నాయినకు, ఇట్లాగే మోరంగడ్డ పెట్టింది. కాకపోతే అప్పట్లో ఫోన్ లేదు.

నా పుట్టిల్లు కోరుట్లకు దగ్గర్లోని ఇబ్రహీంపట్నం దిక్కు ఊరు. వరి, పసుపు పండే నేల. నా చిన్నప్పుడు మా వాడలో మగవాళ్లు సగం మంది మస్కట్‌లోనో దుబాయిలోనో ఉండేవారు. మా బాపు మస్కట్ పోయేనాటికి చెల్లె ఇంకా అమ్మ కడుపులోనే ఉంది. ఇంట్లో ఉన్నది బాపమ్మ, అమ్మ, నేను, తరవాత ఈ చెల్లె. బాపమ్మ అంటే బాపును కన్న తల్లి. ఆమె చెల్లెను బుడ్డది అనేది. ఊరంతా అదే పేరైంది.

సెలవు మీద వచ్చిన ఒకతనితో బాపు ఒక టేప్‌రికార్డర్ పంపించాడు. నల్లగా, చేతిలో పట్టుకోవడానికి పిడి ఉన్న డబ్బా. దానితోపాటు తన గొంతు నింపిన క్యాసెట్. ఉత్తరం రాస్తే చదివిపెట్టేవాళ్లు కావాలి కదా, అందుకని గల్ఫ్ పోయినవాళ్లు క్యాసెట్లో మాట్లాడి పంపేవాళ్లు. మా బాపుకు ఇంకో అలవాటు ఉండేది. ఏదైనా అడిగాక కాసేపు ఆగేవాడు, మేము ఎదురుగా కూర్చుని జవాబు చెబుతున్నట్టు.

"హలో... హలో... అవ్వా, మంచిగున్నవా?" అనేది డబ్బా. ఆగేది.

"మంచిగనే ఉన్న కొడుకా. ఇగో, సలికి మోకాళ్లు గుంజుతున్నయి. నువ్వు పైలం," అనేది బాపమ్మ, డబ్బా మీదికి వంగి. ఆమెకు చెవులు సరిగా వినబడవు. వినబడనిది బాపుకేనేమో అన్నట్టు అరిచి చెప్పేది.

తరవాత నా వంతు. "పెద్దదానా, బడికి పోతున్నవా?" నేను బడికి పోయే దాన్ని, అది ఉత్త రీలేనని తెలిసిన దాన్ని. అయినా, "పోతున్న బాపు," అనేదాన్ని. ఆ ఖాళీలో ఎవరూ మాట్లాడకపోతే మనసు ఎట్లానో అయ్యేది. అమ్మ వంతు వచ్చేసరికి అమ్మ ఏదో ఒక పని పెట్టుకుని అటు తిరిగేది. ఆమె జవాబు మాకెప్పుడూ వినబడలేదు.

ఆఖరున, "బుడ్డదానా, అన్నం తిన్నవా?"

"తిన్న!" అని చెల్లె వాడంతా వినబడేట్టు ఒర్లేది.

ఇట్లా పెరిగిన పిల్లకు బాపు అంటే ఏమిటి? ఆ డబ్బానే. అది చెప్పులు లేని బాపు, మీసం లేని బాపు, పిడి పట్టుకుంటే ఎక్కడికైనా వచ్చే బాపు. ఫోటో చూపించి, "గీయనే మీ బాపు," అంటే ఒప్పుకునేది కాదు. ఫోటో మాట్లాడదు కదా!

ఇక దాని ప్రశ్నలు చూడాలి. బాపు అండ్ల ఎట్ల పట్టిండు? కాళ్లు ఎక్కడ పెట్టుకుంటడు? స్నానం ఎప్పుడు చేస్తడు? చలికాలం పొద్దున నోట్లోంచి పొగ వస్తుంది కదా, మేమిద్దరం గోడకు ఆనుకుని ఎవరి పొగ ఎంత దూరం పోతుందో చూసేవాళ్లం. ఒకనాడు చెల్లె డబ్బా ముందర కూర్చుని, ఆ చిన్నచిన్న తూట్లలోకి కన్ను పెట్టి చాలాసేపు చూసింది. "అక్కా, బాపు నోట్లెకెల్లి పొగ అస్తలేదే," అంది దిగులుగా. నేను పెద్ద తెలిసినదానిలా, "లోపట పొయ్యి ఉన్నది, వెచ్చగున్నడు," అన్నాను. దానికి ఆ మాట నచ్చలేదు. తన స్వెట్టర్ విప్పి డబ్బాకు తొడిగింది. తను వణుకుతూ కూర్చుంది. "పిల్లకు జరమొస్తది, ఇప్పుండ్రే!" అని బాపమ్మ మొత్తుకున్నా వినలేదు. ఆ చలికాలం మా ఇంట్లో అందరికన్నా వెచ్చగా ఉన్నది ఆ టేప్‌రికార్డరే.

మోరంగడ్డ సంగతి అప్పటిదే. బాపు అన్నం తిన్నావా అని అడుగుతాడే కాని ఆయనకు ఎవరూ పెట్టడం లేదని కనిపెట్టింది ఆ పిల్ల. క్యాసెట్ పెట్టే మూత తెరిచి, ఉడుకుడుకు గడ్డను ముద్ద చేసి, "ఆ అను బాపు," అంటూ లోపలికి కుక్కింది. సాయంత్రం క్యాసెట్ వేస్తే రీలు నమిలేసింది. అమ్మ నెత్తి పట్టుకుని కూర్చుంది. ఎవరో కోరుట్లకు తీసుకుపోయి బాగు చేయించుకొచ్చారు. బాగు చేసినాయన నవ్వి, "మోరంగడ్డ మంచిగ ఉడికింది," అన్నాడట.

అట్లాంటి సమయంలో, పసుపు తవ్వే పనులు మొదలైనప్పుడు, బాపు సెలవు మీద వచ్చాడు.

జీపు దిగిన మనిషిని చూసి నాకే ఒళ్లు జలదరించింది. తెల్లటి బట్టలు, సెంటు వాసన, తాళ్లతో కట్టిన పెద్ద పెట్టె. పెట్టెలోంచి మొదట బయటికొచ్చింది పులి. నిజం పులి కాదు, పులి బొమ్మ ఉన్న మందపాటి దుప్పటి. అప్పట్లో గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ల ఇంట్లో ఆ పులి దుప్పటి లేకుండా ఉండదు. మెత్తగా, వెచ్చగా, ముగ్గురు పిల్లలు దూరినా ఇంకా చోటు మిగిలేంత పెద్దది. చెల్లె ఆ పులిని చూసింది, ఆ మనిషిని చూసింది, ఒక్క కేక పెట్టి డబ్బా దగ్గరికి ఉరికి దాన్ని వాటేసుకుంది.

"బుడ్డదానా, నేనే మీ బాపును," అన్నాడాయన చేతులు చాపి.

"నువ్వు గాదు. మా బాపు గిండ్ల ఉన్నడు," అంది డబ్బాను గట్టిగా పట్టుకుని.

అందరూ పకపకా నవ్వారు. బాపు కూడా నవ్వాడు, కాని చాపిన చేతులు ఏం చేయాలో తెలియక పెట్టె తాడు విప్పడం మొదలుపెట్టాడు.

ఆ తరవాత ఆయన పడని పాట్లు లేవు. చాక్లెట్ ఇస్తే తీసుకునేది, పోయి డబ్బా ముందర పెట్టేది. కండ్లు మూసి తెరిచే బొమ్మను ఇస్తే, "గిది మా బాపుకు చూపిస్త," అని తీసుకుపోయేది. ఎత్తుకోబోతే కొయ్యలా బిగుసుకుపోయేది. ఆయన అన్నం తింటుంటే తలుపు చాటు నుంచి చూసేది. అదీ భయంతో కాదు, ఈ కొత్తాయన ఎంత తింటాడో తెలుసుకోవాలని.

"ఇగ ఈ పారి గిట్లనే పోత అవ్వా," అన్నాడు బాపు ఒకనాడు వాకిట్లో చలి కాగుతూ. "కడుపుల ఇడిసిపోయిన బిడ్డ. ఒక్కసారి బాపు అని మెడ పట్టుకుంటే సాలనుకున్న. అక్కడికి పొయినంక మల్ల ఎప్పుడో."

"బలిమి జెయ్యకు కొడుకా. పిల్ల బెదురుతది. దానంతట అదే అస్తది," అంది బాపమ్మ. అమ్మ మంటలో కట్టెను ఎగదోసింది. ఆయన సెలవు కరిగిపోతోందని మా అందరికీ తెలుసు.

పసుపు ఉడకబెట్టే రోజు వచ్చింది. చేను ఒడ్డున పెద్ద ఇనుప కడాయి ఎక్కించి, తవ్వి తెచ్చిన పసుపు కొమ్ములు పోసి, పైన పసుపు ఆకులు, గోనెసంచులు కప్పి, కింద మంట పెడతారు. ఆవిరి లేచిందంటే ఊరంతా వాసన. ఆ వాసన ఇప్పటికీ ఎక్కడ తగిలినా నాకు కాళ్లు వెచ్చగా అవుతాయి. పిల్లలకు ఆ మంటే పండుగ. పసుపు అంటిన చేతులతో ఒకరి ముక్కుకు ఇంకొకరు పూస్తాం, బూడిదలో మోరంగడ్డలు పూడుస్తాం, ఎవరి గడ్డ ఎక్కడుందో మరిచిపోయి కొట్లాడుకుంటాం. చెల్లె అక్కడికి కూడా డబ్బాను తెచ్చింది, స్వెట్టర్ తొడిగి మరీ. బాపు కాస్త దూరంలో గడ్డికుప్పకు ఆనుకుని పులి దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు.

చెల్లె మీట నొక్కింది. అలవాటు ప్రకారం డబ్బా మాట్లాడటం మొదలుపెట్టింది. బాపమ్మ వంతు అయింది, నా వంతు అయింది. ఉన్నట్టుండి గొంతు మారింది. సాగింది. బరువెక్కింది. "బు... డ్డ... దా... నా..." అని దున్నపోతు మూల్గినట్టు మూల్గి ఆగిపోయింది. బ్యాటరీ సెల్లులు అయిపోయాయి.

పెద్దవాళ్లు నవ్వారు. చెల్లె మొహం చూసి ఆ నవ్వు ఆపుకోవాల్సి వచ్చింది. పిల్ల డబ్బాను కుదిపింది, మూత తెరిచింది, చెవి పెట్టింది. "బాపూ! ఓ బాపూ! అక్కా, బాపు మాట్లాడుతలేడే! బాపుకేమైందే?" అని వెక్కివెక్కి ఏడ్చింది. సెల్లుల సంగతి దానికెట్లా చెబుతాం?

అప్పుడు గడ్డికుప్ప దగ్గర దుప్పటి లోపల నుంచి వినబడింది.

"బుడ్డదానా, అన్నం తిన్నవా?"

అదే గొంతు. అదే ఒడుపు. అదే ఆగడం. మంట ఎగదోసేవాళ్లు కూడా చేతిలో పని ఆపారు.

చెల్లె ఏడుపు ఆగింది. డబ్బా వైపు చూసి, ముక్కు తుడుచుకుని, "తిన్న," అంది.

"ఏం కూర?"

పిల్ల ఉలిక్కిపడింది. డబ్బా ఇన్నాళ్లలో ఎన్నడూ ఆ మాట అడగలేదు. డబ్బాను ఎత్తి కిందికీ మీదికీ తిప్పి చూసింది. తరవాత నెమ్మదిగా, ఏమాత్రం తడబడకుండా, "కోడికూర," అంది.

"మన ఇంట్ల కోడిని ఎప్పుడు కోసినమే బుడ్డదానా?" అని బాపమ్మ కిసుక్కున నవ్వింది. మేము తిన్నది చింతకాయ తొక్కు.

"నాకు పెట్టలేదేంది మరి?" అంది దుప్పటి.

అది చెల్లెకు తగిలింది. బూడిదలోంచి నేను తీసి ఊదుతున్న మోరంగడ్డను చేతిలోంచి గుంజుకుంది. డబ్బా మూత తెరిచి పెట్టబోయింది.

"గీడ పెట్టు బిడ్డా. గిటు."

డబ్బాకు చెవి పెట్టింది. అక్కడ ఏమీ లేదు. మెల్లగా తల తిప్పింది. గొంతు ఎటు నుంచి వస్తుందో వెతుక్కుంటూ, మధ్యమధ్య ఆగి డబ్బాను చూసుకుంటూ, గడ్డికుప్ప దాకా పోయింది. పులి అంటే ఉన్న భయం ఎక్కడ పోయిందో మరి, పులి చెవి దగ్గరే దుప్పటి అంచు పట్టుకుని ఎత్తింది. లోపల బాపు మొహం ఉంది. ఆయన ఊపిరి తీసుకుంటున్నట్టు కూడా లేదు.

"ఇంకోపారి అను," అంది చెల్లె.

"ఏం కూర?"

ఆయన గొంతు మీద చెయ్యి పెట్టి చూసింది. నోరు తెరిపించి లోపలికి చూసింది. అంగీ గుండీ ఒకటి నొక్కింది. అన్నీ సరిచూసుకున్నాక మోరంగడ్డ ముద్ద ఆయన నోట్లో కుక్కి, తేల్చి అడిగింది. "నువ్వు డబ్బలకెల్లి ఎప్పుడు ఎల్లినవ్?"

డబ్బా ఎందుకు ఆగిపోయిందో దానికి ఇప్పుడు తెలిసిపోయింది. బాపు బయటికొచ్చేశాడు, ఇంక లోపల ఎవరున్నారు మాట్లాడటానికి?

"ఇప్పుడే ఎల్లిన బిడ్డా," అన్నాడు బాపు, నోటి నిండా గడ్డతో.

"అండ్ల ఎట్ల పట్టినవ్?"

"కాళ్లు ముడుసుకొని పన్న. మస్తు ఇరుకుండె."

అమ్మ అటు తిరిగి కొంగుతో మొహం ఒత్తుకుంది. మస్కట్‌లో ఆయన ఉండే గది సంగతి, ఒకదాని మీద ఒకటి మంచాలేసుకుని పండుకునే సంగతి, నాకు చాలా ఏండ్ల తరవాత తెలిసింది. ఆయన ఆ రోజు పిల్లకు అబద్ధం చెప్పలేదు. చెల్లె దుప్పటిలోకి దూరి, ఆయన మెడ పట్టుకుని, "బాపు," అంది. నేనూ దూరాను. లోపల సెంటు వాసన పోయింది. పసుపు వాసన, బూడిద వాసన, బాపు చెమట వాసన కలిసి ఉంది. అంత సంతోషం నాకు మళ్లీ ఎప్పుడైనా కలిగిందా అంటే చెప్పలేను.

"సెల్లులు ఎయ్యకుండ్రి," అని అందరినీ బతిమాలాడు బాపు. మిగిలిన సెలవు దినాలన్నీ డబ్బా నోరు మూసుకునే ఉంది. చెల్లె ఆయన మెడ దిగలేదు. పొద్దున లేస్తే ఆయన నోటి పొగ ఎంత దూరం పోతుందో కొలిచేది.

ఆయన పోయే పొద్దు రానే వచ్చింది. జీపు వాకిట్లో ఆగింది. చెల్లె ఏడవలేదు, పైగా హడావిడిగా లోపలికి పోయి డబ్బా తెచ్చింది. మూత తెరిచి, లోపల ఉఫ్‌ఫని ఊది, గడప మీద పెట్టింది.

"జీపుల ఎందుకు బాపు? గిండ్లకే పో. నేను అన్నం పెడ్త."

హారన్ కొడుతున్న డ్రైవర్ చెయ్యి తీసేశాడు. బాపు గడప మీద దాని పక్కన కూర్చున్నాడు. "గిండ్ల ఇరుకైతది బిడ్డా. గా పెద్ద డబ్బల పోత," అని జీపు చూపించాడు. చెల్లె జీపును చూసింది. కిటికీలు, సీట్లు, కాళ్లు చాపుకునే చోటు. న్యాయంగానే తోచింది దానికి. "సరే మరి," అంది.

తరవాత అమ్మ సెల్లులు వేసింది. ఆమెకు వినాలనిపించి ఉంటుంది. "బుడ్డదానా, అన్నం తిన్నవా?" చెల్లె మోకాళ్ల మీద గదుమ పెట్టుకుని కూర్చుంది, జవాబు చెప్పలేదు. డబ్బా ఆగాల్సినంత ఆగి, వేరే మాట ఎత్తుకుంది. "ఏం కూర అని అడుగలే. బాపు గిండ్ల లేడు," అని చెల్లె లేచి ఆడుకోవడానికి పోయింది.

ఆ సంగతి అమ్మ క్యాసెట్లో నింపి పంపించింది. చాలా దినాలకు కొత్త క్యాసెట్ వచ్చింది. అందులో "అన్నం తిన్నవా?" తరవాత ఖాళీ, ఆ తరవాత "ఏం కూర?" అని ఇంకా పెద్ద ఖాళీ. చెల్లె ఎగిరి గంతేసింది. తిన్నవి, తిననివి అన్నీ చెప్పింది. చెప్పి, "నువ్వేం తిన్నవ్ బాపు?" అని అడిగింది. డబ్బాలో దూరంగా ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. "సరే మరి, ఉంట," అంది డబ్బా. చెల్లె ఇంకా గట్టిగా అడిగింది. రీలు అయిపోయింది.

"అక్కా, బాపుకు ఆడ అన్నం ఎవరు పెడ్తరే?"

బాపు ఊరికి తిరిగొచ్చి మాతోనే ఉన్న కాలంలో కూడా ఆ మాట అడగాలని ఇద్దరికీ తోచలేదు. ఆయన కన్నుమూసి ఏండ్లయింది. చెల్లె సిరిసిల్లలో ఉంటుంది. మగ్గాల చప్పుడు మధ్య నుంచి ఎప్పుడు ఫోన్ చేసినా బాగున్నావా అని అడగదు. "ఏం కూరనే అక్కా?" అంటుంది.

ఇదంతా నిన్న మంట దగ్గర కోడలికి చెప్పాను. కొడుకు లైన్లోనే ఉన్నాడు, విన్నాడు. వినీ వినగానే, "బిడ్డా, ఏం కూర?" అని అడిగాడు. మనవరాలు మోరంగడ్డ మూతితో, "కోడికూర!" అంది. వట్టి అబద్ధం, వంకాయ వండాం. ఆ తరవాత నేను చెప్పకుండానే, ఎవరూ నేర్పకుండానే, ఫోన్‌ను మొహం దగ్గరికి తెచ్చుకుని అడిగింది.

"నువ్వేం తిన్నవ్ నాయినా?"

"పప్పు బిడ్డా. నేనే వండుకున్న," అన్నాడు.

వెంటనే సిరిసిల్లకు ఫోన్ చేశాను. చెల్లె ఎప్పటిలాగే, "ఏం కూరనే అక్కా?" అంది. వంకాయ అని చెప్పలేదు. మనవరాలు అడిగింది, కొడుకు చెప్పింది, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అవతల మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి.

"బాపు గూడ పప్పే తిన్నడేమోనే అక్కా," అంది. "తనే వండుకున్నడేమో."